పిల్లలు లేనప్పుడు ఆఫ్‌స్టెడ్ తనిఖీకి వస్తే: ఇంగ్లండ్‌లోని తెలుగు చైల్డ్‌మైండర్లకు సమగ్ర మార్గదర్శి

సెప్టెంబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో చాలామంది చైల్డ్‌మైండర్ల (తమ ఇంట్లోనే ఇతరుల పిల్లల్ని డబ్బు తీసుకుని చూసుకునేవాళ్ల) ఇళ్లు ఒక్కసారిగా బోసిపోతాయి. నాలుగేళ్లు నిండిన పిల్లలు రిసెప్షన్ క్లాసుకు వెళ్లిపోతారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు చేరడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. కాన్పు అనో, ఇల్లు మారడమనో, ఇండియా వెళ్లి రావడమనో ఇంకొందరికి విరామం వస్తుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చినా ఇంకా ఒక్క పాపా చేరని కొత్తవాళ్లు సరేసరి. అలాంటి సమయంలో బడులనూ శిశు సంరక్షణనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఇన్‌స్పెక్టర్ నుంచి ఫోన్ వస్తే "నా దగ్గర పిల్లలే లేరు, ఇంక చూసేదేముంటుంది?" అనిపించడం సహజం.

చూసేది చాలా ఉంటుంది. పిల్లలు ఉన్న రోజున సగం సమాధానాలు వాళ్లే చెప్పేస్తారు. పాప మీ ఒళ్లో ఎంత నిశ్చింతగా కూర్చుంది, బాబు బొమ్మ లాక్కుంటే మీరేమన్నారు అన్నది ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూస్తారు. పిల్లలు లేనప్పుడు ఆధారాలు మూడే: మీ ఇల్లు, మీ కాగితాలు, మీ నోటి మాట. ఈ తనిఖీని తేలిగ్గా తీసుకోవద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లలో తనిఖీ సంస్థలు వేరు, నియమాలు వేరు. ఇంగ్లండ్‌లోనే ఉన్నా ఆఫ్‌స్టెడ్ దగ్గర కాకుండా చైల్డ్‌మైండర్ ఏజెన్సీలో నమోదైనవాళ్ల ఇంటికి ఆ ఏజెన్సీ వాళ్లే వస్తారు.

ముందు మీరు ఏ రిజిస్టరులో ఉన్నారో చూసుకోండి

సర్టిఫికెట్ తీసి చదవండి. పుట్టినప్పటి నుంచి, అయిదో పుట్టినరోజు తర్వాత వచ్చే ఆగస్టు 31 వరకు ఉన్న పిల్లల కోసం ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్ ఉంది. ఆ పై వయసు పిల్లలకు చైల్డ్‌కేర్ రిజిస్టర్. అందులో ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు తప్పనిసరి భాగం, ఆపైన వాళ్లకు స్వచ్ఛంద భాగం ఉన్నాయి. చాలామంది చైల్డ్‌మైండర్లు రెండింటిలోనూ ఉంటారు.

ఎర్లీ ఇయర్స్ రిజిస్టరులో ఉన్న ప్రతి ఒక్కరికీ క్రమం తప్పకుండా తనిఖీ ఉంటుంది. ఇంతకుముందు రిజిస్టరైన 30 నెలల లోపు మొదటి తనిఖీ, ఆ తర్వాత ఆరేళ్లకోసారి అన్నట్టు నడిచేది. 2026 ఏప్రిల్ నుంచి ఈ గడువులు తగ్గాయి: కొత్తవాళ్లకు 18 నెలల లోపు, తర్వాత నాలుగేళ్లకోసారి. పిల్లలు లేని విరామంలోనే తనిఖీ వచ్చిపడే అవకాశం దీనితో ఇంకా పెరిగింది. చైల్డ్‌కేర్ రిజిస్టరులో మాత్రమే ఉన్నవాళ్లలో కొందరినే ఎంపిక చేసి చూస్తారు.

ఫోన్ వచ్చినప్పుడు

చైల్డ్‌మైండర్లకు మామూలుగా కొద్ది రోజుల ముందు ఫోన్ చేస్తారు. మీ దగ్గర ఎవరెవరు ఉన్నారు, ఏ రోజుల్లో, ఏ వేళల్లో వస్తారు అని కనుక్కోవడానికే ఆ ఫోన్. అక్కడ సూటిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

"పిల్లలు లేరు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయని గుర్తుంచుకోండి. మీ దగ్గర ఇద్దరు చేరి ఉన్నారు, కానీ మంగళ, బుధవారాలే వస్తారు అనుకుందాం. అది పిల్లలు లేకపోవడం కాదు. వాళ్లు వచ్చే రోజు చెబితే ఆ రోజే రావడానికి చూస్తారు, మీకు పూర్తి స్థాయి తనిఖీ జరుగుతుంది. అసలు పేరు నమోదైన పిల్లలే లేకపోతే అప్పుడు చెప్పాల్సింది వేరు: చివరి పాప ఎప్పుడు మానేసింది, కొత్తగా ఎవరైనా వచ్చే నెలలో చేరబోతున్నారా, మీరు ఇంకా ఈ పని కొనసాగించాలనే అనుకుంటున్నారా. మీ తనిఖీ గడువు ఇంకా దూరంగా ఉంటే వాయిదా వేయవచ్చు. గడువు దగ్గరపడితే పిల్లలు లేకపోయినా వస్తారు.

తనిఖీ కోసమని స్నేహితురాలి బిడ్డను ఆ పూటకు తెచ్చి కూర్చోబెట్టే ఆలోచన కొందరు చెబుతుంటారు. అసలు వద్దు. ఆ బిడ్డ మీకు అలవాటై ఉండదు, మీ దగ్గర దాని రికార్డూ ఉండదు. ఇన్‌స్పెక్టర్ అడిగే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ ప్రతి మాటా అనుమానంగానే వినిపిస్తుంది.

కాగితాలు

పిల్లలు లేని ఇంట్లో ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడే. ఆదాయం లేదు కాబట్టి ఫస్ట్ ఎయిడ్ రెన్యువల్ వాయిదా వేస్తారు, ఇన్సూరెన్స్ ఆపేస్తారు. మీరు రిజిస్టరులో ఉన్నంతకాలం "రేపు ఉదయం ఒక పాప వస్తే చూసుకోగలను" అని ప్రభుత్వానికి చెబుతున్నట్టే లెక్క. "పిల్లలు వచ్చాక చేయిద్దామనుకున్నా" అనే జవాబు అక్కడ నిలవదు.

ఒక ఫైలు పెట్టుకుని ఇవన్నీ అందులో ఉంచండి:

- పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్. 12 గంటల పూర్తి కోర్సుదే చెల్లుతుంది, మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి.
- పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్.
- మీ డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ), ఇంట్లో ఉండే 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి డీబీఎస్ వివరాలు.
- సేఫ్‌గార్డింగ్ (పిల్లల్ని హాని నుంచి కాపాడటం) శిక్షణ పత్రం. 2025 సెప్టెంబరులో వచ్చిన మార్పులతో దీన్ని రెండేళ్లకోసారి తాజా చేసుకోవాలి.
- పిల్లల వివరాలు, హాజరు, దెబ్బలు తగిలిన సంఘటనలు, మందులు, ఫిర్యాదులు రాసుకునే ఫారాలు. ఖాళీవైనా సరే, సిద్ధంగా ఉండాలి.
- మునుపటి పిల్లల రికార్డులు ఉంటే వాటిని తాళం వేసిన చోట భద్రపరచండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడమీద కనిపించాలి. ఫోన్‌తో పిల్లల ఫొటోలు తీసి దాచుకునే ఉద్దేశం ఉంటే సమాచార కమిషనర్ కార్యాలయం, అంటే ఐసీఓ దగ్గర నమోదు సంగతీ చూసుకోండి.

పాలసీల గురించి ఒక మాట. చైల్డ్‌మైండర్లకు 2024 జనవరి నుంచి విడిగా ఒక ఈవైఎఫ్‌ఎస్ పత్రం (చిన్నపిల్లల సంరక్షణకు, నేర్పడానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు) ఉంది. దాని ప్రకారం పాలసీలన్నీ రాసిపెట్టుకోవాల్సిన నిబంధన మీకు లేదు. కానీ తల్లిదండ్రులు అడిగినా, ఇన్‌స్పెక్టర్ అడిగినా వివరంగా చెప్పగలగాలి. నెట్‌లో కొన్న యాభై పేజీల పాలసీ ఫైలు బల్లమీద పెట్టి, అందులో ఏముందో చెప్పలేకపోతే ఆ ఫైలు మీకు అడ్డమే. రెండు పేజీలు మీ సొంత మాటల్లో రాసుకుంటే చాలు, అవి నోటికి వస్తాయి.

ఇల్లు: మోకాళ్ల మీద ఒక చుట్టు తిరగండి

తనిఖీకి ముందు రోజు కాదు, ఫోన్ కూడా రాకముందే ఈ పని చేయండి. నిజంగానే మోకాళ్ల మీద, పాకే పాప ఎత్తులో ఇల్లంతా తిరగండి. నిలబడితే కనిపించని ప్లగ్గులు, సోఫా కింద దొర్లిపోయిన బటన్ బ్యాటరీలు, వేలాడే కర్టెన్ బ్లైండ్ తాళ్లు అప్పుడు కనిపిస్తాయి.

మన ఇళ్లకే ప్రత్యేకమైనవి కొన్ని ఉంటాయి, మామూలు చెక్‌లిస్టుల్లో రావు. మొదటిది పూజ మూల. దీపం, అగరొత్తులు, అగ్గిపెట్టె సంగతి అందరికీ తడుతుంది. కర్పూరం సంగతి తట్టదు. తెల్లటి బిళ్లలు, చూడటానికి అచ్చం పిప్పరమెంట్లలా ఉంటాయి. చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వచ్చేంత విషం అది. పూజ మూల కింది అల్మరాలో ఉంటే పై అరకు మార్చండి, డబ్బాకు మూత బిగించండి. బట్టల మధ్య వేసే కలరా ఉండలూ అంతే. పిల్లలున్న వేళల్లో దీపం వెలిగించనని ఒక నియమం పెట్టుకుని, ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కు మీరే ముందు చెప్పండి. ఆచారం మానుకోమని ఎవరూ అనరు. ప్రమాదాన్ని మీరు గుర్తించారా, దానికేం చేశారు అన్నదే వాళ్లకు కావాలి.

రెండోది నిద్ర. పసిపాప తలకింద ఆవాల దిండు పెట్టడం, చీర ఉయ్యాలలో పడుకోబెట్టడం మనకు తరతరాల అలవాటు. చైల్డ్‌మైండర్‌గా మీరు పాటించాల్సినవి ఇక్కడి సురక్షిత నిద్ర సూచనలు. పాప వెల్లకిలా పడుకోవాలి. పరుపు గట్టిగా, సమతలంగా ఉండాలి. దిండు, బొంత, మెత్తటి బొమ్మలు ఏవీ మంచంలో ఉండకూడదు. నిద్రపోతున్నప్పుడు తరచూ వెళ్లి చూడాలి. మీ సొంత బిడ్డ వాడిన ఆవాల దిండు ఇంకా ఆ మంచంలోనే ఉంటే తీసేయండి. ఇన్‌స్పెక్టర్ దాని గురించి అడిగి తీరతారు.

మూడోది వంటిల్లు. అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా వేరుశనగ గుళ్లు, జీడిపప్పు పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పులిహోర, ఉప్మా పెట్టే ఇళ్లలో ఇది నోటికి రావాల్సిన మాట. ద్రాక్షపండ్లను నిలువుగా కోయాలి. ఏడాది లోపు పాపకు తేనె నాకించకూడదు. పిల్లలు తింటున్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండాలి. ఎవరికి ఏ అలర్జీ ఉందో పాప చేరకముందే అడిగి రాసుకోవాలి.

పొగ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి. మంటలొస్తే ఏ తలుపు నుంచి, ఏ పిల్లను ముందు తీసుకుని బయటికి వెళ్తారో ఒకసారి నడిచి చూసుకోండి. తోట లేకపోయినా ఫర్వాలేదు, కానీ రోజూ పిల్లల్ని బయట ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పగలగాలి.

ఇంట్లో మనుషులు

తెలుగు ఇళ్లలో దీనికి ప్రత్యేకంగా చోటివ్వాలి. పురిటికనో, మనవళ్లను చూడటానికనో అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి విజిటర్ వీసా మీద నెలల తరబడి ఉంటారు. పిల్లల్ని చూసుకునే ఇంట్లో నివసించే 16 ఏళ్లు దాటిన వాళ్లందరి సంగతీ ఆఫ్‌స్టెడ్‌కు తెలియాలి. మార్పు జరిగితే 14 రోజుల లోపు తెలపాలి. విదేశంలో ఉండి వచ్చినవాళ్లకు డీబీఎస్ ఒక్కటే సరిపోకపోవచ్చు, మన పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) లాంటిదీ అడగవచ్చు. వాళ్లు టికెట్ కొనుక్కున్నప్పుడే ఆఫ్‌స్టెడ్‌ను అడిగి తెలుసుకుంటే మంచిది.

"మా అమ్మ ఉంది కదా, కాసేపు చూస్తుంది" అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి. డీబీఎస్ లాంటి తనిఖీలు పూర్తికాని మనిషిని పిల్లలతో ఒంటరిగా వదలకూడదు. పైగా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ పనిచేయడానికి వీల్లేదు.

ఇంకోటి, ఇంట్లో పెద్దబ్బాయికి 16 నిండితే వాడి డీబీఎస్ కూడా మొదలుపెట్టాలి. పిల్లలు లేని నెలల్లో పుట్టినరోజు వచ్చి వెళ్లిపోతుంది, ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అసలు తనిఖీ: మాటలు

వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు అడిగి చూడండి. అది అమర్యాద కాదు. ఇంట్లోకి ఎవరినైనా రానిచ్చే ముందు మీరు ఎలా జాగ్రత్తపడతారో అక్కడే తెలుస్తుంది. ఇల్లు చూపించాక ఎక్కువ సమయం కూర్చుని మాట్లాడటమే. "అనుకుందాం" అంటూ ప్రశ్నలు వస్తాయి. జవాబు ఎలా ఉండాలో ఒకటి రెండు దగ్గరగా చూద్దాం.

"సోమవారం నుంచి తొమ్మిది నెలల పాప వస్తుందనుకుందాం. మొదటి వారం ఏం చేస్తారు?"

ఇక్కడ "ప్రేమగా చూసుకుంటాను" అని ఆగిపోతే ఏమీ చెప్పనట్టే. పాప ఇంట్లో ఎలా నిద్రపోతుంది, ఏం తింటుంది, ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది, ఇంట్లో ఏ భాష వింటుంది అని తల్లిని అడుగుతానని చెప్పండి. మొదట తల్లితో కలిసి ఒక గంట, తర్వాత తల్లి లేకుండా కాసేపు అలవాటు చేస్తానని చెప్పండి. పాప ఇప్పుడు ఏమేం చేయగలదో గమనించి, దాన్నిబట్టి మర్నాడు ఏ ఆట పెట్టాలో నిర్ణయిస్తానని చెప్పండి. కూర్చోగలుగుతోంది కానీ ఇంకా పాకడం లేదు అనుకుంటే, అందీ అందనంత దూరంలో ఒక చెక్క గరిటె పెడతాను, అటు వంగుతుందేమో చూస్తాను. ఇంత నిర్దిష్టంగా మాట్లాడితే పాప ఎదురుగా లేకపోయినా మీ పని కనిపిస్తుంది.

"పాప చేతిమీద గుర్తులు కనిపించాయి. తల్లి చెప్పిన కారణం మీకు పొసగలేదు. ఏం చేస్తారు?"

ఏ ప్రశ్నకు తడబడ్డా దీనికి తడబడకూడదు. చూసింది చూసినట్టు తేదీ, సమయంతో రాస్తాను. పాపను గుచ్చిగుచ్చి అడగను. సొంతంగా విచారణ చేయను. మా కౌన్సిల్‌లో పిల్లల సంరక్షణ విభాగానికి వెంటనే ఫోన్ చేస్తాను, నంబరు ఇదిగో ఇక్కడుంది. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే 999. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంటే చేత్తో చూపించండి. ఆరోపణ మీ మీదో మీ ఇంట్లోవాళ్ల మీదో వస్తే ఎవరికి చెప్పాలన్నది దీని వెనకే వచ్చే ప్రశ్న. కౌన్సిల్‌లో ఇలాంటి ఆరోపణలు చూసే అధికారి ఉంటారు, లాడో అంటారు. ఆయనకూ, ఆఫ్‌స్టెడ్‌కూ చెప్పాలి. ఆఫ్‌స్టెడ్‌కు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 14 రోజుల లోపు. "మావాళ్లు అలాంటివాళ్లు కాదండీ" అన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

పిల్లల సంఖ్య కూడా తప్పకుండా అడుగుతారు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లు ఒకేసారి మొత్తం ఆరుగురికి మించకూడదు. వాళ్లలో అయిదో పుట్టినరోజు తర్వాత వచ్చే ఆగస్టు 31 దాటని చిన్నపిల్లలు మామూలుగా ముగ్గురు, అందులో ఏడాది లోపు పాప ఒకరు. మీ సొంత పిల్లలూ ఈ లెక్కలోకి వస్తారు. మీకు రెండేళ్ల బాబు ఉంటే ఒక స్థానం అప్పటికే నిండినట్టే.

నేర్పే విషయంలో ఈవైఎఫ్‌ఎస్ చెప్పే ఏడు రంగాల పేర్లు అప్పజెప్పడం కన్నా, వాటిలో మొదటి మూడు ఎందుకు పునాదో చెప్పగలగడం ముఖ్యం: మాట, శరీర కదలిక, మనసు–స్నేహాలు. రెండేళ్ల పిల్లలకు, అంటే 24 నుంచి 36 నెలల మధ్య, తల్లిదండ్రులకు రాసివ్వాల్సిన ఎదుగుదల నివేదిక గురించీ తెలుసుకుని ఉండండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పాప వస్తే తెలుగులో కథ చెబుతానని, పాట పాడతానని ధైర్యంగా చెప్పండి. ఇంటి భాషకు ఆటపాటల్లో చోటివ్వమని ఈవైఎఫ్‌ఎస్సే చెబుతోంది. అదే సమయంలో ఇంగ్లీషు కూడా చక్కగా రావడానికి ఏం చేస్తారో చెప్పాలి. మీ ఇంగ్లీషు యాసకు భయపడనక్కర్లేదు. పిల్లల క్షేమానికి సరిపడా మాట్లాడగలరా, ఫారం నింపగలరా, అంబులెన్సుకు ఫోన్ చేసి విషయం చెప్పగలరా అన్నదే చూస్తారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి.

సన్నద్ధమవడానికి మంచి మార్గం ఒకటుంది. మీ ఆయన్నో స్నేహితురాలినో ఎదురుగా కూర్చోబెట్టి, ఈ ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగించుకోండి. తెలిసిన విషయమే అయినా నోరు తెరిచి ఇంగ్లీషులో చెప్పడం వేరు. మొదటిసారి ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్లీ చదవండి.

ఫలితం ఎలా ఉంటుంది

పిల్లల్ని చూడలేదు కాబట్టి మామూలు గ్రేడులేవీ రావు. నియమాల ప్రకారం ఉన్నారా లేదా, అంతవరకే తేలుస్తారు: ఉన్నారు అంటే "మెట్", లేరు అంటే "నాట్ మెట్". ఏదైనా లోపం ఉంటే గడువు పెట్టి సరిదిద్దమంటారు. లోపం పెద్దదైతే చట్టపరమైన చర్యలదాకా వెళ్తుంది. వెళ్లేముందే ఏమనుకుంటున్నారో చెబుతారు, రాసుకోండి. ముసాయిదా రిపోర్టు వచ్చాక తప్పుడు వివరాలేమైనా ఉంటే చెప్పడానికి తక్కువ రోజులే ఉంటాయి, ఆ ఈమెయిల్ కోసం జంక్ ఫోల్డర్ కూడా చూస్తుండండి.

రిపోర్టు ఆఫ్‌స్టెడ్ సైట్లో అందరికీ కనిపిస్తుంది. "గ్రేడు ఎందుకు లేదు?" అని కొత్త తల్లిదండ్రులు అడుగుతారు. అప్పటికి పిల్లలు లేరని, నియమాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చారని, పిల్లలు చేరాక పూర్తి తనిఖీ ఉంటుందని నేరుగా చెప్పండి. 2025 సెప్టెంబరు నుంచి ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల్లో అర్హులకు తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటల సంరక్షణకు ప్రభుత్వ సాయం దొరుకుతోంది. చైల్డ్‌మైండర్ల కోసం వెతికేవాళ్లు తగ్గలేదు.

ఆఫ్‌స్టెడ్ రిజిస్ట్రేషన్ రద్దు లాంటి నిర్ణయం తీసుకుంటే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దానికి నోటీసు అందాక 28 రోజులే గడువు.

కొనసాగాలా, మానుకోవాలా

తనిఖీ భయంతో రిజిస్ట్రేషన్ వదిలేయాలనుకునేవాళ్లను చూస్తుంటాను. ఇంకో ఆరునెలల్లో మళ్లీ మొదలుపెట్టే ఆలోచన ఉంటే వదలకండి. మళ్లీ దరఖాస్తు, మళ్లీ డీబీఎస్‌లు, మళ్లీ ఇల్లు చూపించడం అంటే నెలల పని. నిజంగా వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయారంటే మాత్రం మీరే రాసిచ్చి గౌరవంగా తప్పుకోవడం మేలు. రద్దు చేయబోతున్నామని ఆఫ్‌స్టెడ్ నోటీసు పంపాక అలా తప్పుకునే వీలుండదు. మూడేళ్లకు పైగా ఒక్క పిల్లనూ చూసుకోకపోతే, 2006 చైల్డ్‌కేర్ చట్టం ప్రకారం ఆ కారణంతోనే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం వాళ్లకుంది. అందుకే చివరి పాప మీ దగ్గర మానేసిన తేదీని ఫైలు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.